జహ్రా తోటలో మాజీ ఎమ్మెల్యే

ఆగస్టు 2, 1990, గురువారం

పొద్దున ఆవులకు మేత వేస్తుంటే ఉత్తరం దిక్కున ఉరిమినట్టు చప్పుడైంది. ఆగస్టు నెలలో కువైట్‌లో ఉరమడమేమిటి అనుకుని నా పని నేను చేసుకున్నాను. రేడియో పెడితే ఎవరో అరబ్బీలో గొంతు చించుకుంటున్నారు. నాకు వచ్చిన అరబ్బీ ఆవులకు, గడ్డికి, నీళ్ల మోటారుకు చాలుతుంది. యుద్ధానికి చాలదు.

మధ్యాహ్నానికి జహ్రా రోడ్డు మీద ట్యాంకులు కనిపించాయి. కంచె దగ్గర నిలబడి చూశాను. నీళ్ల ట్యాంకరు తోలే నూర్ మహమ్మద్ బండి ఆపకుండానే, ఇరాక్ వాళ్లు వచ్చేశారని కిటికీలోంచి అరిచి వెళ్లిపోయాడు. రాయచోటి మనిషి. వారానికి రెండుసార్లు మంచినీళ్లు పోసి వెళ్తాడు. ఈ తోటకు వచ్చే మనిషి అతనొక్కడే.

ఈ డైరీ దాణా కొట్టువాడు జనవరిలో ఊరికే ఇచ్చాడు. ఈరోజు దాకా తెరవలేదు. మాట్లాడడానికి తోడు లేకపోతే మనిషి ఎంతకైనా తెగిస్తాడు, డైరీ కూడా రాస్తాడు.

ఆగస్టు 4

తోట యజమాని, నా కఫీల్ అబూ సాలెం వచ్చాడు. రెండు కార్లు, కుటుంబమంతా. సౌదీకి పోతున్నారు. నా చేతిలో తోట తాళాలు పెట్టి, ఆవులు జాగ్రత్త ఓబుల్ అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. చెడ్డవాడని అనలేను. నా పాస్‌పోర్టు అడిగితే, జహ్రా ఇంట్లో బీరువాలో ఉండిపోయింది, తీసే వ్యవధి లేకపోయింది అన్నాడు.

వెనక సీట్లో ఆయన డేగ కళ్లకు తోలు టోపీ పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది. ఇంట్లో పనిచేసే సూరాయమ్మ ఏదని అడిగాను. కార్లో చోటు చాలలేదు, ఇంటికి కాపలా ఉంటుందిలే అన్నాడు. డేగకు మాత్రం చోటు చాలింది. ఆ మాట అనలేదు. అనవలసింది.

ఆగస్టు 7

సూరాయమ్మ నూర్ మహమ్మద్ ట్యాంకరులో వచ్చి దిగింది. సిపాయిలు ఇంట్లోకి చొరబడి మంచాలు వేసుకుంటుంటే, వెనక గోడ దూకి వచ్చేసిందట. నలభై దాటిన మనిషి, చేతిలో బట్టల మూట. దిగీ దిగగానే తన కష్టం చెప్పలేదు. "ఎమ్మెల్యే సారూ, మీరు బువ్వ తిన్నారా?" అని అడిగింది. నూర్ మహమ్మద్ అప్పటికి ఇంజను తిప్పుతున్నాడు కాబట్టి వినపడలేదనుకుంటాను.

ఆవిడది మా నియోజకవర్గమే. కొండ కింద పల్లె. పోయిన చలికాలం కఫీల్ కుటుంబం సెలవు రోజున ఇక్కడికి వచ్చినప్పుడు, పేడ గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న నన్ను చూసి చాయ్ పళ్లెం కింద పడేసింది. నేను కాదన్నాను. మనిషిని పోలిన మనుషులుంటారన్నాను. మా వాకిట్లో నిలబడి దండం పెట్టిన మనిషిని మర్చిపోతానా అంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు నిలబెట్టుకుంది, కానీ నన్ను సార్ అనడం మాత్రం మానదు.

ఎనభై మూడు గాలిలో గెలిచినవాళ్లలో నేనొకణ్ణి. నాగలి వదిలిన చేత్తోనే నామినేషన్ వేశాను. రెండేళ్లు నిండకుండానే సభ రద్దయింది. మళ్లీ టికెట్ రాలేదు. పౌరుషానికి పోయి సొంతంగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాను, దానితోపాటే బావి కింద పొలం కూడా. ఆ తర్వాత ఊళ్లో నన్ను ఎవరూ తిట్టలేదు. మాజీ వస్తున్నాడు, మాజీ పోతున్నాడు అనేవాళ్లు, అంతే. తిట్టినా బాగుండేది.

ఇక్కడ నేను ఓబుల్‌ని. ఆవులవాణ్ణి. మూడేళ్లుగా నన్ను చూసి ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. అది నాకు బాగానే ఉంది.

సూరాయమ్మ గోధుమపిండితో సంగటి కెలికింది. బాగాలేదు. ఇద్దరం మొత్తం తినేశాం.

ఆగస్టు 15

ఎనభై మూడులో ఈ రోజున తాలూకాఫీసు ముందు జెండా ఎగరేశాను. ముడి విడకపోతే అటెండరు స్టూలెక్కి లాగాడు. అందరూ అప్పటిదాకా చప్పట్లు ఆపలేదు.

ఇవాళ ఎర్ర ఆవు ఈనింది. పెయ్యదూడ.

ఆగస్టు 19

నూర్ మహమ్మద్ కబురు తెచ్చాడు. జహ్రా బడిలో మనవాళ్లంతా చేరుతున్నారట. బస్సులు మాట్లాడుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతే, అమ్మాన్ నుంచి మన విమానాలు ఊరికే ఎక్కించుకుంటున్నాయట. అహ్మదిలో ఆయిల్ కంపెనీవాళ్లు అప్పుడే సగం మంది వెళ్లిపోయారట. పాస్‌పోర్టు ఉంటే దారిలో చిక్కు లేదు. లేకపోతే చెక్‌పోస్టులో దించేస్తున్నారు.

నీవెప్పుడు పోతావన్నా అని అడిగాడు. ఖర్జూరం గెలలు దింపి పోతానన్నాను. ఎవరికి దింపుతావు అన్నాడు. చెట్టు మీద పండిన పంటను వదిలేసి ఏ రైతైనా పోతాడా అన్నాను. అతను నీళ్ల పైపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

సూరాయమ్మ పాస్‌పోర్టు కూడా ఆ బీరువాలోనే ఉంది. ఆవిడ రోజూ ఆ మాటే. ఊళ్లో పెళ్లయిన కూతురు నెలలు నిండి ఉందట.

ఆగస్టు 23

గెలలు ఇంకా పండలేదు.

ఆగస్టు 27

రాలిన పళ్లను పిట్టలు తినేస్తున్నాయి. మిగిలినవి ఆవులకు వేశాను. ఇంకో వారం ఆగితే పై గెలలు కూడా పండుతాయి. అప్పుడు పోవచ్చు.

కళావతి ఈపాటికి రేడియో వింటూ ఉంటుంది. నేను గెలిచిన నాడు మేళతాళాలతో ఇంటికి వస్తే, ఆమె పొలంలో కలుపు తీస్తోంది. ఓడిన నాడు కూడా పొలంలోనే ఉంది. రెండు రోజులూ ఒకే మాట అడిగింది, కాళ్లు కడుక్కున్నావా అని. అలాంటి మనిషి ముందుకు పోవడానికి నాకెందుకు భయమో నాకే తెలియదు.

సెప్టెంబర్ 1

సూరాయమ్మ చేసిన పని రాయాలంటే నవ్వు వస్తోంది, భయం కూడా వేస్తోంది.

నాకు చెప్పకుండా పొద్దున్నే నడిచి జహ్రా ఇంటికి పోయింది. అక్కడ కాపురమున్న ఇరాక్ కెప్టెన్ని పాస్‌పోర్టులు ఇమ్మని అడిగింది. వాళ్లు తరిమేయబోతే, మన ఊళ్లో రేషన్ షాపులోనైనా, ఆసుపత్రిలోనైనా పని జరిపించుకునే మాట ఒకటి ఉందిగా, అది వాడింది. నేను ఎమ్మెల్యే మనిషిని అంది. ఎమ్మెల్యే అంటే వాళ్లకు తెలియకపోతే, నాయిబ్ అని విడమరిచి చెప్పిందట. అరబ్బీలో సభకు గెలిచినవాణ్ణి అలా అంటారు. మా నాయిబ్ మీ పక్కనే మజ్రాలో ఉన్నాడు, మీరు పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఢిల్లీలో అడుగుతాడు అని కూడా బెదిరించిందట.

మజ్రా అంటే ఈ తోటే. ఒట్టు వేశావు కదా అన్నాను. "ఒట్టు మనోళ్లకు చెప్పనని సార్. వాళ్లు మనోళ్లు కాదు గదా" అంది.

ఆవిడ మొహం వెలిగిపోతోంది. కెప్టెన్ ఆవిడకు కుర్చీ వేయించాడట. మన దగ్గర ఆఫీసులో కుర్చీ వేశారంటే పని అయినట్టే లెక్క. కుర్చీ వేసి ఎన్ని ప్రశ్నలు అడిగాడో చెప్పమన్నాను. మీ పేరు, మీ వయసు, మీరు ఎప్పటి నుంచి ఇక్కడ ఉన్నారు, మీ దగ్గరికి ఎవరెవరు వస్తారు, రేడియో ఉందా, ఇవన్నీ అడిగాడట. ఎంత శ్రద్ధో చూడండి సార్ అంది.

సెప్టెంబర్ 3

కెప్టెన్ వచ్చాడు. నలుగురు సిపాయిలు. ముందు నా గది తిరగేశారు. రేడియో వెనక మూత విప్పి చూశారు. మంచం కింద పారతో తవ్వారు. ఈ డైరీ పట్టుకుని కెప్టెన్ కాసేపు తిప్పాడు, తెలుగు అక్షరాలు చూసి పారేశాడు.

ఖర్జూరపు చెట్టు కింద నన్ను నిలబెట్టి తను తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. నా అరబ్బీ చాలదు కాబట్టి సూరాయమ్మ మధ్యలో నిలబడింది. ఐదేళ్లుగా ఇంట్లో యజమానురాలు మామా పెట్టే తిట్లు, పిల్లల ముద్దులు వింటూ నేర్చిన అరబ్బీ ఆవిడది. ధారాళంగా మాట్లాడుతుంది.

నువ్వు నిజంగా నాయిబా అని అడిగాడు. అవునన్నాను. కాదంటే ఆవిడ అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎంత కాలం అంటే, రెండేళ్లు నిండలేదన్నాను. సభలో ఏం మాట్లాడావు అని అడిగాడు.

"నాకు వంతు రాలేదని చెప్పు. పంపుసెట్ల కరెంటు గురించి ఒక ప్రశ్న పెట్టుకున్నా. అది వచ్చే లోపలే సభ రద్దయిందని చెప్పు" అన్నాను.

సూరాయమ్మ చాలాసేపు చెప్పింది. చెయ్యి పైకెత్తింది. గొంతు పెంచింది. మంత్రి అనే మాట, భయపడ్డాడనే మాట నాకు అర్థమయ్యాయి. కెప్టెన్ నా చేతులకేసి చూశాడు. వాటికి పేడ అంటుకుని ఉంది.

ఏం చెప్పావని అడిగాను. మీరు చెప్పిందే చెప్పినా సార్ అంది. అందులో మంత్రి ఎక్కడ నుంచి వచ్చాడని అడిగే సమయం కాదు.

అంత గొప్ప నాయిబ్ ఇక్కడ పేడ ఎందుకు ఎత్తుతున్నాడు అని కెప్టెన్ అడిగాడు. అక్కడ చిక్కొచ్చింది. గూఢచారివా, కువైట్ వాళ్లు దాచిపెట్టిన మనిషివా అన్నట్టు చూస్తున్నాడు. వెనక సిపాయి తుపాకీ భుజం మార్చుకున్నాడు.

"ఓడిపోయినానని చెప్పు" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆ మాట నా నోట రాదు సార్. నేను మీకే ఓటేసినా. రెండు తూర్లూ."

రెండోసారి నాకు వచ్చిన ఓట్లను చూసి మా ఊళ్లో కొందరు నవ్వారు. ఆ కొద్ది ఓట్లు ఎవరెవరు వేసి ఉంటారని అప్పట్లో చాలా సార్లు ఆలోచించాను. అందులో ఒకటి నా ఎదురుగా చీర చెంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. ఇప్పుడు రాస్తుంటే ఏడుపు వస్తోంది. అప్పుడు రాలేదు.

నేనే చెప్పాను, నాకొచ్చిన అరబ్బీలో. అన ఖసరాన్. నేను ఓడిపోయాను.

కెప్టెన్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మా దేశంలో నాయిబ్ ఓడిపోడు అన్నాడు, సూరాయమ్మ మెల్లగా తెలుగు చేసింది. ఓడినవాడు ఇలా బతికి తిరగడు కూడా అన్నాడు. అతని వెనక ఉన్న ముసలి సిపాయి ఒకడు చప్పున నేలకేసి చూశాడు. కెప్టెన్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. గూఢచారి అయితే ఓడిపోయానని చెప్పుకోడు, ఇంకేదైనా మంచి కథ చెప్తాడు అన్నాడు.

తర్వాత పాలు అడిగాడు. గిన్నెడు తాగాడు. ఆవులెన్ని, గడ్డి ఎంత, బావిలో నీళ్లు ఎంత అని అడిగాడు. చివరికి తేల్చాడు. ఆడమనిషికి పాస్‌పోర్టు ఇచ్చేస్తాడు, వెళ్లిపోవచ్చు. నాది అతని దగ్గరే ఉంటుంది. రెండు పూటలా పాలు అతని మనుషులకు అందాలి. నేను కదిలితే ఆవిడ బస్సు కూడా సరిహద్దు దాటదు.

సరే అన్నాను. సూరాయమ్మ తెలుగు చేయడం పూర్తికాకముందే అన్నాను.

సెప్టెంబర్ 5

ఆవిడ వెళ్లిపోయింది. నిన్నంతా ఏడ్చింది, నా నోటి తీట మీ కొంప ముంచింది సార్ అని. వచ్చే వారం నా పాస్‌పోర్టు కూడా ఇస్తానని కెప్టెన్ అన్నాడు, వెనక బస్సులో వస్తానని చెప్పాను. అబద్ధాలు చెప్పడంలో ఆవిడ నాకన్నా గట్టిది కాబట్టి ఇట్టే పట్టేసింది. పట్టేసినట్టు చెప్పలేదు.

కళావతిని చూసి, బాగున్నానని చెప్పమన్నాను. వస్తాడని చెప్పాలా, రాడని చెప్పాలా అని అడిగింది. నేను తొట్టి కడుగుతూ ఉన్నాను.

నూర్ మహమ్మద్ హారన్ కొట్టాడు. ఆవిడ ట్యాంకరెక్కి తలుపు వేసుకుని, మళ్లీ తల బయట పెట్టింది. "అన్నా, యాళకు బువ్వ తిను. చల్లన్నం తినొద్దు." సార్ అనలేదు. ధూళి అణిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

సెప్టెంబర్ 6

ఎవరూ లేరు.

సెప్టెంబర్ 8

నిలబడే తింటున్నాను. కూర్చుని తినాలంటే ఎదురుగా ఒకరు ఉండాలనిపిస్తోంది. ఈ మూడేళ్లూ ఒంటరిగానే తిన్నాను కదా, అప్పుడు లేని జబ్బు ఇప్పుడెందుకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడ ఉన్నది ఒక్క నెలే. ఆ నెలలో నాకు గొంతు అలవాటైంది. సాయంత్రం ఎర్ర ఆవుతో పెద్దగా మాట్లాడుతున్నాను. పాలు తీసుకోవడానికి వచ్చిన సిపాయి వినేసి, జాలిగా చూశాడు.

కాపలాలో ఉండడం నాకు కొత్త కాదులే. ఎనభై నాలుగులో ప్రభుత్వం ఊగిసలాడినప్పుడు, ఎవరికీ అమ్ముడుపోకుండా మమ్మల్నందరినీ బస్సులెక్కించి కర్ణాటకలో దాచారు. గేటు దాటనివ్వలేదు. అప్పుడు మూడు పూటలా మాంసం. నా పక్క మంచం ఆయన రోజూ ఇంటిమీద బెంగతో ఏడ్చేవాడు. నేను తోటలో తిరిగి చెట్లు చూసుకునేవాణ్ణి.

కెప్టెన్ నన్ను ఆపాడని రాశాను. అది సగమే నిజం. అతను వద్దనగానే నాకు మొదట కలిగింది నిశ్చింత. ఇక పోకపోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు కదా అనిపించింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

సెప్టెంబర్ 14

విచిత్రం జరుగుతోంది. నాయిబ్ అన్న మాట సిపాయిల్లో పాకిపోయింది. మొదట ఎగతాళికి సలాం కొట్టేవాళ్లు. ఇప్పుడు పాలకని వచ్చి, క్యాను పక్కన పెట్టి గొంతుక్కూర్చుంటున్నారు.

ఒకడు నాలుగు రోజులుగా వచ్చి, వాళ్ల ఊరి కాలువలో ఎవడో పెద్దవాడు నీళ్లు మళ్లించుకున్నాడని చెప్తున్నాడు. నేల మీద వేలితో గీతలు గీసి కాలువ, తూము, తన పొలం చూపించాడు. ఆ గీతలు చూస్తే నాకు భాష అక్కర్లేకపోయింది. మా కింద చెరువులో కూడా తూము దగ్గరే తగాదా. ఇంకొకడు పెళ్లి చేసుకుని పన్నెండో రోజే పట్టుకొచ్చారని చెప్పాడు. ఎనిమిదేళ్లు ఇరాన్‌తో యుద్ధం చేసి ఇంటికి పోయాను, కూర్చోకముందే మళ్లీ లేపారు అని మరొకడు. ఇవన్నీ సగం అర్థమై, సగం వాళ్ల చేతులు చూసి ఊహించుకున్నవి.

నేనేం చేయగలను? మా ఇంటి అరుగు మీద ఉన్నప్పుడు కూడా సగం పనులు చేయలేకపోయేవాణ్ణి. వింటూ తలూపడం మాత్రం అలవాటుంది. తలూపుతున్నాను. కెప్టెన్ జీపు శబ్దం వినపడగానే క్యాన్లు ఎత్తుకుని లేస్తున్నారు.

సెప్టెంబర్ 18

నల్లమచ్చల ఆవును కోసుకున్నారు. చూడి ఆవు అని చెప్పాను. కెప్టెన్ ఆజ్ఞ అన్నారు. తాడు నేనే విప్పి ఇవ్వాల్సి వచ్చింది.

అన్నం వండలేదు.

సెప్టెంబర్ 22

ఆ రోజు నేలకేసి చూసిన ముసలి సిపాయి పేరు జబ్బార్. బస్రా దగ్గర ఖర్జూరపు రైతు. యాభై దాటినా లాక్కొచ్చారు. గెలలకేసి చూసి నన్ను చీవాట్లు పెట్టాడు. ఎండిపోతున్నాయి, ఎందుకు దింపలేదు, సిగ్గు లేదా అన్నట్టు. బూట్లు విప్పి, నేను చెట్టెక్కే నడికట్టు లాక్కుని కట్టుకుని చెట్టెక్కాడు. ఆ ఎక్కడం చూడాలి. నేను మూడేళ్లు చేసినా అంత ఒడుపు రాలేదు.

పైనుంచి ఏదో పాడాడు. దిగాక ఇద్దరం కూర్చుని పళ్లు ఏరాం. చాలా రోజుల తర్వాత కూర్చుని తిన్నాను.

సెప్టెంబర్ 26

గెలలన్నీ దింపేశాం, జబ్బారూ నేనూ.

తన కథ చెప్పాడు. నెమ్మదిగా, చిన్నబిడ్డకు చెప్పినట్టు ఒక్కో మాట రెండుసార్లు. ఇరాన్ యుద్ధంలో ఫిరంగులు పడి వాళ్ల తోట మొత్తం కాలిపోయింది, మొండేలు మిగిలాయి. పెద్ద కొడుకు అబ్బాస్ ఆ యుద్ధంలోనే ఫావ్ అనే చోట కనపడకుండా పోయాడు. చచ్చాడని కాగితం రాలేదు, పట్టుబడ్డాడని కాగితం రాలేదు. ఈ ఆగస్టులో రెండు దేశాలూ ఖైదీలను మార్చుకుంటున్నాయని, బస్సులు వస్తున్నాయని తెలిసి, పెళ్లాం ప్రతి బస్సు దగ్గరా కొడుకు ఫొటో పట్టుకుని నిలబడుతోంది. ఆ సమయంలో ఇతన్ని కువైట్ పొమ్మన్నారు. కొడుకు సంగతి ఆఫీసులో అడిగితే, ఎక్కువ అడగకు అన్నారట.

అతని భుజం మీద చెయ్యి వేశాను.

సెప్టెంబర్ 27

టమాటా నారు పోయాలి. ఇప్పుడు పోస్తేనే చలికాలానికి అందుతుంది. నారు నాటాక ఆలోచించుకోవచ్చు.

అక్టోబర్ 3

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. బస్సు కుదుపులకు అక్షరాలు కుదరడం లేదు.

కెప్టెన్‌ను నిన్న వేరేచోటికి మార్చారు. కొత్తవాడు ఇంకా రాలేదు. పొద్దున పాలు పిండుతుంటే జబ్బార్ వచ్చి నా ఒళ్లో పాస్‌పోర్టు పడేశాడు. కెప్టెన్ వదిలేసిన బల్ల సొరుగులోంచి తెచ్చాడు. వెనకే నూర్ మహమ్మద్. అతను కూడా పోతున్నాడు. ఇదే ఆఖరు బస్సన్నా, జహ్రాలో ఇంక మన మనుషులు లేరు, లే అన్నాడు.

నారు పోశాను, రెండు రోజుల్లో మొలక వస్తుంది అన్నాను. అలా అన్నది నేనే. నూర్ మహమ్మద్ తల పట్టుకున్నాడు.

జబ్బార్ నా చేతిలోంచి పాలబకెట్టు తీసుకున్నాడు. ఆవులు నాకు వదిలేయి, నువ్వు వెళ్లు అన్నాడు. వెళ్లి, మీ మజ్లిస్‌లో, అంటే సభలో, లేచి నిలబడి అడుగు, జబ్బార్ కొడుకు అబ్బాస్ ఎక్కడ అని అడుగు అన్నాడు. నూర్ మహమ్మద్‌కు అరబ్బీ బాగా వచ్చు, అతను చెప్పినప్పుడు గాని నాకు పూర్తిగా ఎక్కలేదు.

ఇక్కడ అబద్ధం ఆడలేకపోయాను. నేను ఇప్పుడు నాయిబ్‌ను కాను, ఓడిపోయాను, నన్ను లోపలికి కూడా రానివ్వరు అని చెప్పమన్నాను. నూర్ మహమ్మద్ నన్ను వింతగా చూశాడు. అతనికి అప్పుడే తెలిసింది. అయినా నన్నేమీ అడగకుండా జబ్బార్‌కు అరబ్బీలో చెప్పాడు.

జబ్బార్ విన్నాడు. ఆవు పక్కన కూర్చుని పొదుగు కడుగుతూ జవాబిచ్చాడు. నూర్ మహమ్మద్ దాన్ని మన రాయచోటి తెలుగులోకి మార్చాడు. "ఓడిపోయినా నీవు నాయిబే గదా అంటాండాడన్నా. మాకు ఓడిపోయినోడు కూడా లేడు అంటాండాడు."

ఇక నారు మాట నేను ఎత్తలేదు. బట్టల సంచి తీసుకున్నాను. ఎర్ర ఆవు దూడను ముందు తాగనిచ్చి తర్వాత పిండమని చేతులతో చూపించాను. తెలుసు పో అన్నట్టు చెయ్యి విసిరాడు. తలెత్తి చూడలేదు. కంచె దాటాక వెనక్కి చూస్తే పాలు పిండుతూనే ఉన్నాడు.

అక్టోబర్ 5

బాగ్దాద్ దాటాం. చెక్‌పోస్టులో నా పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూసి ఇచ్చేశారు. నూర్ మహమ్మద్ ఇప్పటిదాకా ఓబులేసన్నా అనేవాడు. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాడు.

అక్టోబర్ 9

జోర్డాన్ సరిహద్దు దగ్గర గుడారాల్లో ఉన్నాం. చుట్టూ ఇసుక, రాళ్లు, వేలకు వేలు మనుషులు. నీళ్లకు క్యూ, రొట్టెకు క్యూ, విమానం పేర్లకు క్యూ. నూర్ మహమ్మద్‌కు ఇవాళ పొద్దున పేరు వచ్చింది, లారీ ఎక్కాడు. ఎక్కేముందు నా కాళ్లకు దండం పెట్టబోతే గట్టిగా తిట్టాను. నా పేరు రేపో ఎల్లుండో వస్తుందన్నారు.

ఇంతమందిలో నేనెవరో తెలిసినవాడు ఒక్కడు లేడు. కువైట్‌లో మూడేళ్లు నేను కోరుకున్నది ఇదే. ఇవాళ అది మింగుడు పడలేదు. ఊరికి పోతే మాజీ అంటారు. అననీ. కళావతి కాళ్లు కడుక్కోమంటుంది. కడుక్కుంటాను. ఆ తర్వాత ఏం చేయాలన్నదే తోచడం లేదు. ఇరాక్ రైతు కొడుకు గురించి మన తాలూకాఫీసులో అడగనా, కలెక్టరును అడగనా? నవ్వుతారు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు అడిగినా నవ్వేవాళ్లే.

మధ్యాహ్నం ఎండకు అందరూ గుడారాల్లో పడుకున్నారు. నేను బయటికి వచ్చి, కంకర గుట్ట దగ్గర నిలబడ్డాను. ఎదురుగా ఏమీ లేదు. ఎందుకు చేశానో తెలియదు, కండువా సర్దుకున్నాను. గొంతు సవరించుకుని పైకే అన్నాను.

అధ్యక్షా. బస్రా దగ్గర జబ్బార్ అనే రైతు ఉన్నాడు. అతన్ని తీసుకొచ్చి జహ్రాలో సిపాయిని చేశారు. అతని కొడుకు పేరు అబ్బాస్, ఫావ్ దగ్గర కనపడకుండా పోయాడు. బతికి ఉన్నాడా, లేడా? ఉంటే ఎక్కడ ఉన్నాడు? తల్లి అతని ఫొటో పట్టుకుని బస్సుల దగ్గర నిలబడి ఉంది. ఆమెకు ఎవరు జవాబు చెప్తారు? ఇంకో సిపాయి ఊళ్లో కాలువ తూము సంగతి కూడా ఉంది అధ్యక్షా, అది కూడా మనవి చేసుకుంటాను.

కాలువ సంగతి మొత్తం చెప్పాను. పన్నెండు రోజుల పెళ్లికొడుకు సంగతి చెప్పాను. చూడి ఆవు సంగతి చెప్పాను. పంపుసెట్ల కరెంటు కూడా అడిగాను. గుడారంలోంచి ఒక మలయాళీ తల బయటపెట్టి చూసి, మళ్లీ పడుకున్నాడు.

ఎవరూ నన్ను కూర్చోమనలేదు.